తిరగబెట్టే కామెర్లు



కళ్లు పచ్చబడ్డాయంటే మన ఊళ్లలో ఇప్పటికీ ముందు వెతికేది పసరు పోసే మనిషిని. కొన్నిచోట్ల చేతి మీద వాత పెడతారు. కొన్నిచోట్ల కంట్లోనో ముక్కులోనో చుక్కలు వేస్తారు. ఉప్పు, నూనె మాన్పించి మజ్జిగన్నం మీద ఉంచుతారు. మూడు నాలుగు వారాలు గడిచేసరికి పచ్చదనం తగ్గుతుంది. తగ్గక ఏం చేస్తుంది? మన దగ్గర కనిపించే కామెర్లలో చాలా భాగం కలుషితమైన నీళ్ల వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలవి. పసరు పోసినా పోయకపోయినా ఎక్కువమందిలో అవి వాటంతట అవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది.

పేరు ఎవరికొస్తే మనకేం అని ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోవడానికి కారణం ఇంకో రకం కామెర్లు. ఇవీ తగ్గుతాయి. ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ వస్తాయి. మళ్లీ పసరు, మళ్లీ పత్యం, మళ్లీ తగ్గడం. ఈలోగా లోపల కాలేయం కొంచెం కొంచెంగా గట్టిపడుతూ ఉంటుంది. కాలేయంలో నొప్పి తెలిపే నరాలు దాని పైపొరలోనే ఉంటాయి కాబట్టి లోపల ఎంత జరిగినా మనిషికి పెద్దగా తెలియదు. పొట్టలో నీరు చేరాకో, రక్తపు వాంతి అయ్యాకో ఆసుపత్రికి వస్తారు. ఇలా తిరగబెట్టే కామెర్ల వెనక ఉండే జబ్బుల్లో ఒకటి ఆటో ఇమ్యూన్ హెపటైటిస్. ఈరోజు దాని గురించి మాట్లాడుకుందాం.

క్రిముల నుంచి మనల్ని కాపాడాల్సిన రోగ నిరోధక వ్యవస్థే పొరబడి మన కాలేయ కణాల మీద పడటం ఈ జబ్బు. కంచే చేను మేసినట్టు అని చెప్పడం మా డాక్టర్లకు అలవాటు. ఆ సామెత ఇక్కడ సగమే సరిపోతుంది. చేను మేసే కంచెను పీకి పారేయవచ్చు. ఈ కంచెను పీకేస్తే మనిషి బతకడు. దాని ఆకలిని మందులతో తగ్గిస్తూ, కాపలా మాత్రం కాయించుకోవాలి. వైద్యమంతా ఈ రెంటి మధ్య నడిచే బేరమే.

1950లో స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రోమ్ కొందరు యువతుల గురించి చెప్పాడు. ఎంతకీ వదలని కామెర్లు, ఆగిపోయిన నెలసరి, రక్తంలో విపరీతంగా పెరిగిన గామా గ్లోబులిన్లు. 1956లో మెల్‌బోర్న్‌లో ఇయాన్ మెకే, ఆయన సహచరులు ఇలాంటి రోగుల రక్తంలో లూపస్ జబ్బులో కనిపించే కణాలు ఉన్నాయని గమనించి దీన్ని లూపాయిడ్ హెపటైటిస్ అన్నారు. తర్వాత లూపస్ వేరు, ఇది వేరు అని తేలింది. 1965 నాటికి మెకే దీన్ని ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ అని పిలిచాడు. అప్పటి నుంచి అదే నిలిచింది.

వాల్డెన్‌స్ట్రోమ్ చూసినట్టు ఇది యువతులకే పరిమితం కాదు. చిన్నపిల్లలకు వస్తుంది, డెబ్బై దాటినవాళ్లకూ వస్తుంది, మగవాళ్లకూ వస్తుంది. అయినా ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ఆడవాళ్లే. కొన్ని జన్యువులున్నవాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ. అంతమాత్రాన తల్లి నుంచి బిడ్డకు నేరుగా దిగే జబ్బు కాదిది. ఇంట్లో ఒకరికి థైరాయిడ్, ఇంకొకరికి కీళ్లవాతం, మరొకరికి చిన్నప్పుడే వచ్చిన షుగర్ ఉన్న కుటుంబాల్లో మాత్రం దీన్ని కాస్త తొందరగా అనుమానించాలి.

మొదట్లో ఎలా ఉంటుందంటే, చాలామందిలో ఉత్త నీరసం. పొద్దున్నే లేచినా రాత్రంతా పని చేసినట్టుంటుంది. కీళ్లు నొప్పులు పెడతాయి. అన్నం సహించదు. నెలసరి తప్పుతుంది. ఇంటిపని చేసే ఆడమనిషికి ఇవి ఉన్నాయంటే మన ఇళ్లలో ఎవరు పట్టించుకుంటారు? రక్తం తక్కువైందంటారు, ఐరన్ బిళ్లలు మింగిస్తారు. కొందరికి ఏ బాధా ఉండదు, ఇంకేదో ఆపరేషన్‌కు ముందు చేసిన రక్త పరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ ఎక్కువ ఉందని బయటపడుతుంది. కొందరిలో మాత్రం ఒక్కసారిగా కామెర్లతో మొదలై రోజుల్లోనే కాలేయం చేతులెత్తేసే పరిస్థితి వస్తుంది. గుర్తించేనాటికే సుమారు మూడో వంతు మందిలో కాలేయం గట్టిపడిపోయి ఉంటుంది. దాన్నే సిరోసిస్ అంటాం.

సిరోసిస్ అనే మాట చెవిన పడగానే ఇంకో కష్టం మొదలవుతుంది. తాగేవాళ్లకే లివర్ పాడవుతుందని లోకం నమ్మకం. జీవితంలో చుక్క ముట్టని ఆడమనిషి చేతిలో ఈ రిపోర్టు పెడితే చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రిపోర్టులో హెపటైటిస్ అని ఉంటే అది అంటుకుంటుందని కంచం, గ్లాసు వేరు పెట్టేవాళ్లున్నారు. హెపటైటిస్ అంటే కాలేయానికి వాపు, అంతే. ఆ వాపు వైరస్ వల్ల రావచ్చు, సారా వల్ల రావచ్చు, మందుల వల్ల రావచ్చు, ఇలా సొంత వ్యవస్థ వల్లా రావచ్చు. ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ ఎవరి నుంచీ ఎవరికీ అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా అంటుకోదు, కాపురం చేసినా అంటుకోదు.

దీన్ని ఎలా నిర్ధారిస్తారు? ఒక్క పరీక్షతో తేలదు, అదే ఇందులో చిక్కు. ముందు మిగతా దొంగలను వెతికి లేరని తేల్చుకోవాలి. హెపటైటిస్ ఏ, ఈ, బీ, సీ ఉన్నాయా? మద్యం ఉందా? టీబీ మందులు వాడుతున్నారా? వయసు తక్కువైతే విల్సన్ జబ్బు ఉందా? ఒంట్లో రాగి పేరుకుపోయే ఆ జబ్బు అచ్చం ఇలాగే కనిపించి డాక్టర్లను బోల్తా కొట్టిస్తుంది. దాని మందులు పూర్తిగా వేరు. ఆ తర్వాత ఏఎన్ఏ లాంటి యాంటీబాడీల పరీక్ష, ఐజీజీ అనే గామా గ్లోబులిన్ ఎంత పెరిగిందో చూసే పరీక్ష చేస్తారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏఎన్ఏ పాజిటివ్ వచ్చిందని ఇంటర్నెట్ తెరిచి బెంబేలెత్తకండి. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ అది పాజిటివ్ రావచ్చు, కాలేయానికి కొవ్వు పట్టినవాళ్లలోనూ రావచ్చు. యాంటీబాడీలేవీ దొరక్కుండానే ఈ జబ్బు ఉన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, చేయించమంటారు. పక్కటెముకల మధ్య నుంచి సన్నటి సూదితో కాలేయపు ముక్క కాస్త తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయం చాలామందికి ఉంది. ఈ జబ్బులో అలాంటిదేమీ జరగదు. రక్తస్రావం అయ్యే ప్రమాదం కొద్దిగా ఉంటుంది కాబట్టి ముందు రక్తం గడ్డకట్టే తీరు చూసి, చేశాక కొన్ని గంటలు పడుకోబెట్టి గమనిస్తారు. ఏళ్ల తరబడి మందులు వాడాల్సిన జబ్బుకు అనుమానం మీద వైద్యం మొదలుపెట్టడం కన్నా ఆ కాస్త ఇబ్బంది నయం.

ఇక వైద్యం. స్టెరాయిడ్ అనగానే ఎదుటివాళ్ల మొహం మారిపోవడం రోజూ చూస్తూనే ఉంటాం. స్టెరాయిడ్లా, వద్దులెండి, ఇంకేదైనా రాయండి అంటారు. వాళ్లకు 1971లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రి నుంచి వెలువడిన ఒక అధ్యయనం గురించి చెబుతుంటాను. షీలా షెర్లాక్ అని, బ్రిటన్‌లో మెడిసిన్ ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ. కాలేయ వైద్యాన్ని ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టినవాళ్లలో ఆమె ఒకరు. ఆమె, ఆమె సహచరులు ఇలాంటి జబ్బున్న 49 మందిని తీసుకుని 22 మందికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు, 27 మందికి ఇవ్వలేదు. కొన్నేళ్లు గమనించాక చూస్తే మందు వాడినవాళ్లలో ముగ్గురు చనిపోయారు. వాడనివాళ్లలో 15 మంది చనిపోయారు. కాలేయ జబ్బుల్లో ఒక మందు ప్రాణాలు నిలబెడుతుందని ఇంత స్పష్టంగా తేలిన సందర్భాలు ఆ రోజుల్లో దాదాపు లేవు. స్టెరాయిడ్ అంటే భయపడటంలో తప్పులేదు. ఆ భయాన్ని 27 మందిలో 15 అన్న లెక్క పక్కన పెట్టి చూడమంటాను.

మొదలుపెట్టే మోతాదు ఎక్కువగానే ఉంటుంది. తర్వాత వారాల లెక్కన తగ్గించుకుంటూ వస్తారు. ఎక్కువ మోతాదులో ఉన్నన్నాళ్లూ మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, మొటిమలు వస్తాయి, నిద్ర పట్టదు, చిరాకు వస్తుంది. షుగర్, బీపీ పెరగవచ్చు. పెళ్లి కావాల్సిన అమ్మాయి అద్దంలో తన మొహం చూసుకుని మందు మానేయడం మాకు తెలియని సంగతి కాదు. ఆ అమ్మాయిని కోప్పడి లాభం లేదు. మోతాదు తగ్గినకొద్దీ మొహం మామూలు అవుతుందని ముందే చెప్పకపోవడం మా తప్పు. రెండు నిమిషాలు కూర్చుని చెబితే ఆగే అమ్మాయిలు చాలామంది.

స్టెరాయిడ్ మోతాదును తగ్గించుకోవడానికే రెండో మందు, అజథయోప్రిన్, జత చేస్తారు. అమెరికాలో గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ కలిసి 1957లో దీన్ని తయారుచేశారు. మొదట పేరు తెచ్చుకున్నది కిడ్నీ మార్పిడిలో. ఆ ఇద్దరికీ 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్ల ప్రయోగశాల నుంచే యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ కూడా వచ్చింది. ఒకే చోట పుట్టిన ఈ రెండు మందులు ఒక ఒంట్లో కలిస్తే పొసగదు. అజథయోప్రిన్‌ను విరిచి బయటికి పంపే దారుల్లో ఒకదాన్ని అల్లోప్యూరినాల్ మూసేస్తుంది. మందు పేరుకుపోయి ఎముకల మూలుగ దెబ్బతిని తెల్ల కణాలు పడిపోతాయి. కాలి బొటనవేలు వాచిందని మందుల షాపులో అడిగి యూరిక్ యాసిడ్ బిళ్ల తెచ్చుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది కాబట్టే ఇంత వివరంగా చెబుతున్నాను. అజథయోప్రిన్ వాడుతున్నామని చెప్పకుండా ఎవరి దగ్గరా ఏ మందూ రాయించుకోవద్దు.

కొందరికి పుట్టుకతోనే ఈ మందు పడదు. టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15 అనే రెండు జన్యువుల్లో తేడా ఉన్నవాళ్లకు మామూలు మోతాదు కూడా విషంలా పనిచేస్తుంది. వీటిలో రెండోది యూరప్ వాళ్లకన్నా మన ఆసియా వాళ్లలో ఎక్కువ. వీలున్నచోట మందు మొదలుపెట్టే ముందే ఆ పరీక్ష చేయించడం మంచిది. చేయించినా చేయించకపోయినా మొదటి వారాల్లో తరచుగా, ఆ తర్వాత కొన్ని నెలలకోసారి రక్త కణాల లెక్క చూసుకోవాల్సిందే. గొంతునొప్పితో జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి జుట్టు కుచ్చులుగా ఊడినా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

రెండు మందులూ పాతవి, చవకైనవి. నెల ఖర్చు చాలామందికి భారం కాదు. భారమంతా ఇంకోచోట ఉంది.

మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఎస్‌జీపీటీ దిగడం మొదలవుతుంది. కొన్ని నెలలకు మామూలు స్థాయికి వస్తుంది. నీరసం పోతుంది, ఆకలి వేస్తుంది, మనిషి తేరుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, రిపోర్టు నార్మల్ వచ్చిందిగా, ఇంకా ఎందుకు ఈ బిళ్లలు అని. అత్తగారు అంటారు, పక్కింటాయన అంటాడు, ఒక్కోసారి ఊళ్లో మందులిచ్చే డాక్టరే అంటాడు. మానేస్తారు. రెండు మూడు నెలలు ఏమీ కాదు. మానేయడం మంచిదైందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. తర్వాత కళ్లు పచ్చబడతాయి.

అంతకన్నా ముందే రాగల ప్రమాదం ఇంకొకటి ఉంది. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి నిద్రపోతాయి. మందు ఒక్కరోజులో ఆపేస్తే అవి వెంటనే లేవలేవు. బీపీ పడిపోయి, వాంతులై, మనిషి కుప్పకూలవచ్చు. పెళ్లికి వెళుతూ బిళ్లల డబ్బా ఇంట్లో మరిచిపోయినా, వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోయినా అశ్రద్ధ చేయకూడదనేది అందుకే. ఏదైనా ఆపరేషన్ చేయించుకోవాల్సి వస్తే, పన్ను పీకించుకోవాల్సి వచ్చినా సరే, స్టెరాయిడ్ వాడుతున్నామని ముందుగా చెప్పండి. ఆ సంగతి ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

అసలు ఎప్పటికైనా మానేయవచ్చా? కొందరు మానేయవచ్చు. కనీసం మూడేళ్లు వైద్యం జరిగి ఉండాలి. అందులో చివరి రెండేళ్లూ ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఐజీజీ అన్నీ మామూలుగా ఉండాలి. అప్పుడు కూడా మళ్లీ ముక్క పరీక్ష చేసి లోపల వాపు పూర్తిగా చల్లారిందని చూసుకున్నాకే, కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఇంత జాగ్రత్తగా చేసినా సగానికి పైగా మందిలో తిరగబెడుతుంది. అందుకే చాలామందిని చిన్న మోతాదు మీద జీవితాంతం ఉంచుతాం. థైరాయిడ్ బిళ్ల రోజూ వేసుకునేవాళ్లు మన ఇళ్లలో ఎందరు లేరు? దీనికి మాత్రం గడువు అడుగుతాం.

ఇప్పుడు మూలికల సంగతి. ఈ మాట అంటే కొందరు శ్రోతలకు కోపం వస్తుందని తెలుసు. కరోనా రోజుల్లో రోగ నిరోధక శక్తి పెరగాలని ఇంటింటా తిప్పతీగ కషాయం తాగారు. 2021లో ముంబయి వైద్యులు అలా తాగాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. మరుసటి ఏడాది హైదరాబాద్ వైద్యులు కూడా ఉన్న ఒక బృందం దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు ప్రచురించింది. వారిలో చాలామందిలో ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ లక్షణాలే కనిపించాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనిని ఒప్పుకోలేదు, తిప్పతీగ అనుకుని దాన్ని పోలిన వేరే తీగ వాడి ఉండవచ్చని వాదించింది. ఆ వాదన తేలేదాకా ఆగనక్కర్లేదు. నిరోధక శక్తి ఎక్కువై బాధపడుతున్న మనిషికి దాన్ని ఇంకా పెంచుతామనే కషాయం ఎందుకు? తీగ ఏదైనా ఈ జబ్బున్నవాళ్లు దానికి దూరంగా ఉండాలి. కామెర్లకు మంచిదని పేరున్న నేల ఉసిరి కూడా ఈ జబ్బుకు మందు కాదు. ఇంగ్లీషు మందులకూ ఇందులో మినహాయింపు లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే నైట్రోఫ్యూరాంటాయిన్, మొటిమలకు వాడే మినోసైక్లిన్ కొందరిలో అచ్చం ఇలాంటి హెపటైటిస్‌నే తెప్పిస్తాయి.

పత్యం గురించి నా మాట తేలిక. కామెర్లొచ్చాయని పప్పు, గుడ్డు, పాలు మాన్పించడం కాలేయానికి మేలు కాదు, కీడు. ముఖ్యంగా సిరోసిస్ ఉన్నవాళ్లకు మాంసకృత్తులు ఇంకా ఎక్కువ కావాలి. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో కొంచెం తినాలి. పొట్టలో నీరు ఉంటే ఉప్పు తగ్గించాలి. మద్యం పూర్తిగా మానాలి, బీరు అయినా సరే. స్టెరాయిడ్ ఎముకలను గుల్ల చేస్తుంది కాబట్టి పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, దాంతోపాటు డాక్టరు రాసిన కాల్షియం, విటమిన్ డి వాడుతూ రోజూ నడవాలి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దు. చాలామంది భయపడే పారాసిటమాలే తక్కువ మోతాదులో వాటికన్నా నయం.

నిరోధక శక్తిని అణిచే మందు మొదలుపెట్టే ముందు రెండు విషయాలు చూడకుండా ఉండకూడదు. ఒకటి, ఒంట్లో దాగి ఉన్న టీబీ. రెండు, ఎప్పుడో వచ్చి అణిగి ఉన్న హెపటైటిస్ బీ. మందు పడగానే ఈ రెండూ లేచి కూర్చోగలవు. హెపటైటిస్ ఏ, బీ, న్యుమోనియా టీకాలు, ఏటా ఫ్లూ టీకా వేయించుకోవచ్చు. బతికున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం మందులు వాడుతున్నన్నాళ్లూ వద్దు.

ఇక పెళ్లి, పిల్లలు. ఉత్తరాల్లో ఎక్కువగా అడిగేది ఇదేనని చెబుతారు రేడియోవాళ్లు. జబ్బు అదుపులో ఉంటే పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. కనీసం ఏడాదిపాటు రిపోర్టులు మామూలుగా ఉన్నాక గర్భం దాల్చడం మంచిది. ప్రెడ్నిసొలోన్, అజథయోప్రిన్ రెండూ గర్భంలో కొనసాగించవచ్చు. బిడ్డకు హాని అని సొంతంగా మానేసినవాళ్లలో జబ్బు రేగి తల్లికీ బిడ్డకూ ప్రమాదమవుతుంది. మైకోఫెనోలేట్ అనే మందు మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. అది బిడ్డకు అవకరాలు తెస్తుంది కాబట్టి గర్భానికి కనీసం ఆరు వారాల ముందే డాక్టరు దాన్ని మార్చాలి. కాన్పు అయిన కొన్ని నెలల్లో జబ్బు రేగే అవకాశం ఎక్కువ. బాలింత పరీక్షకు వెళ్లడానికి మన ఇళ్లలో సవాలక్ష అడ్డంకులుంటాయి. రక్తం తీసేవాళ్లు ఇప్పుడు ఇంటికే వస్తున్నారు, అదీ కుదరకపోతే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలోనైనా ఎస్‌జీపీటీ చూపించుకోండి. పెళ్లి సంబంధం కుదిరేటప్పుడు ఈ సంగతి దాచాలా, చెప్పాలా అని తల్లిదండ్రులు అడుగుతారు. చెప్పాలనే నేనంటాను. దాచినచోట ఆ అమ్మాయి బాత్రూములో తలుపు వేసుకుని బిళ్ల మింగాలి. కొన్నాళ్లకు అదీ మానేస్తుంది.

ఎంత చేసినా కొందరిలో కాలేయం నిలబడదు. అప్పుడు మార్పిడి తప్ప దారి లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ పథకం కింద బ్రెయిన్ డెడ్ అయిన దాతల అవయవాలు పేర్లు నమోదు చేయించుకున్నవాళ్లకు అందుతాయి. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగంలోని ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రులలోనూ కాలేయ మార్పిడులు చేశారు. కాబట్టి సిరోసిస్ అని తేలినవాళ్లు కుదేలయ్యేదాకా ఆగకుండా, నడిచి వెళ్లగలిగినప్పుడే మార్పిడి చేసే కేంద్రంలో ఒకసారి చూపించుకోవాలి. కొత్త కాలేయం వచ్చాక కూడా కొందరిలో ఈ జబ్బు దాని మీదా పడుతుంది. అందువల్ల బిళ్లలు అక్కడా ఉంటాయి, రక్త పరీక్షలూ ఉంటాయి.